అవ్వ బైబిలు పెట్టెలో పెట్టకముందు

కడప, కర్నూలు, అనంతపురం వైపు సంఘాల పాస్టరయ్యగార్లకు, విచారణ ఫాదర్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి నడిపే అమ్మలకు,

ప్రభువు నామంలో వందనాలు.

సంఘంలో ఒక అవ్వ పోతే ఏమేం జరుగుతాయో మీకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఫ్రీజర్ బాక్సు వస్తుంది, షామియానా లేస్తుంది, ఫ్లెక్సీకి ఆర్డరు పోతుంది. పైన ‘మహిమ ప్రవేశం’, కింద తేదీలు. ఆ ఫ్లెక్సీకి ఫోటో వెతికే హడావుడిలోనే చదువుకున్న మనవరాలినొకదాన్ని పిలిచి, ‘అవ్వ జీవిత చరిత్ర రాయి, రేపు గుడిలో చదవాల’ అంటారు. ఆ పిల్ల రాత్రి ఒంటిగంటకు, వచ్చిపోయే చుట్టాలకు కాఫీలు అందిస్తూ, ఆధార్ కార్డు చూసి పుట్టిన తేదీ వేసి, కొడుకుల పేర్లూ కూతుళ్ళ పేర్లూ వరసగా రాసి, చివర ‘భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, పదిమందికి పెట్టిన చెయ్యి’ అని ముగిస్తుంది. మరుసటి మధ్యాహ్నం దాన్ని చదవడానికి మూడు నిమిషాలు పడుతుంది. పేరు కొట్టేసి పక్క వీధి అవ్వ పేరు పెట్టి చదివినా వినేవాళ్ళు పట్టుకోలేరు.

తప్పు ఆ పిల్లది కాదు. ఆమెకు కావలసిన కాగితాల్లో సగం మీ వెస్ట్రీ బీరువాలో, అంటే రిజిస్టర్లు దాచే గుడి గదిలో ఉన్నాయి. మిగతా సగం అవ్వ బైబిల్లో ఉన్నాయి, అవి రేపు మధ్యాహ్నం అవ్వతో పాటే మట్టిలోకి పోతాయి. ఈ రెంటినీ బయటికి తీయించగలిగినవాళ్ళు మీరే కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాం.

ముందు బైబిలు సంగతి. పెట్టెలో అవ్వ చేతుల మధ్య బైబిలు పెట్టి పంపడం మన దగ్గర చాలా ఇళ్ళలో ఉంది. దాన్ని మానమని అనడం లేదు, అది ఇంటివాళ్ళ ఇష్టం. మూత వెయ్యడానికి ముందు ఒక అరగంట ఇప్పించండి, అంతే. ఆ ఇంట్లో ఆ మాట చెప్పగలిగింది అయ్యగారే. కొడుకులు చెప్పలేరు, వాళ్ళు ఆ పూట గుంత దగ్గరా వంటల దగ్గరా తిరుగుతుంటారు.

ఆ అరగంటలో చేయాల్సింది ఇది. స్త్రీల మైత్రిలో ఒకరు, ఇంటి పిల్లల్లో ఒకరు, ఇద్దరే కూర్చోవాలి. కిటికీ పక్క బల్ల మీదో మంచం మీదో ఉతికిన తెల్లగుడ్డ పరిచి బైబిలు పెట్టండి. ఫోనులో ఫ్లాషు ఆపండి, ఫ్లాషు వేస్తే పెన్సిలు రాత మెరిసి కనబడకుండా పోతుంది. మొదట అట్ట, వీపు, తర్వాత ముందు వైపు ఖాళీ కాగితాలు, వెనక వైపు ఖాళీ కాగితాలు, పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యే చోటు. పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ ఎక్కువగా ఈ మూడు చోట్లే రాస్తారు. ఆ తర్వాత ఒక్కో ఆకూ తిప్పాలి. బైబిలును తలకిందులుగా పట్టుకుని దులపకూడదు. అందరూ చేసేది అదే, చెడేదీ అక్కడే. కాగితం ఏ పేజీలో ఉందన్నది కూడా ఒక సంగతే. ఆస్పత్రి చీటీ ఒక కీర్తన దగ్గర ఉంటే, కొడుకు మిలిటరీ నుంచి రాసిన ఇన్లాండు లెటరు ఇంకో కీర్తన దగ్గర ఉంటే, ఆ పేజీ ఎందుకో ఆలోచించాలి. దులిపితే చీటీ మిగులుతుంది గానీ పేజీ పోతుంది. కాబట్టి కాగితం కనబడిన చోటే ఉంచి ఒక ఫోటో, బయటికి తీసి రెండు వైపులా రెండు ఫోటోలు. తుప్పు పట్టిన గుండుసూది ఉంటే లాగొద్దు, కాగితం చిరుగుతుంది. మట్టల ఆదివారం నాటి ఎండు మట్ట సిలువ ఉంటే ముట్టుకోకుండా ఫోటో తీయండి, ముట్టుకుంటే పొడే.

కొన్ని వచనాల పక్కన ఉత్త తేదీ మాత్రమే ఉంటుంది, ‘14-8-71’ అన్నట్టు. వచనం బాగుందని వేసిన తేదీ కాదది. ఆ రోజు ఇంట్లో ఏదో జరిగింది. ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా ఎక్కించి, ఇంట్లో పెద్దవాళ్ళకు చూపిస్తే సగానికి జవాబు అక్కడికక్కడే వస్తుంది. ఫలానా బిడ్డ పోయిన రోజు, ఫలానా బోరు ఎండిపోయిన ఏడు.

చదువు రాని అవ్వ బైబిలులో ఏముంటుందిలే అని వదిలేయకండి. చదవడం రాకపోయినా ప్రతి ఆదివారం కొంగు కింద పెట్టుకుని గుడికి తెచ్చినవాళ్ళున్నారు. రాత ఉండదు గానీ మూల మడతలుంటాయి, రంగు దారం పోగులుంటాయి. తనకు కావలసిన అధ్యాయం ఎవరిచేతనో తీయించుకుని, మళ్ళీ దొరికేలా దారం పెట్టుకున్న గుర్తులవి. ఏ దారం ఎక్కడుందో అదీ ఫోటో తీయాలి.

బైబిలును ఇంట్లోనే ఉంచుకుంటామంటే మరీ మంచిది. కాకపోతే అటక మీదికి పోతే రెండు వానాకాలాల్లో చెదలకు ఆహారం. ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, ఇనప బీరువాలో నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. నాఫ్తలీన్ గోలీలు అరలో ఉండొచ్చు, కాగితానికి తగలకూడదు. చిరిగిన ఆకుకు సెల్లోటేపు అంటించారంటే కొన్నేళ్ళకు ఆ టేపు ఎర్రబారి జిగురు కిందికి దిగి అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, వేసిన తర్వాత కాగితాన్ని విడదీసే దారి ఉండదు.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో, మొదటి అధ్యాయం ఐదో వచనంలో, తిమోతి వాళ్ళ అవ్వ ప్రస్తావన ఉంది. మన తెలుగు బైబిల్లో అక్కడి మాట ‘అవ్వ’ అనే. నాయనమ్మ అనలేదు, అమ్మమ్మ అనలేదు, అచ్చంగా మన సీమ మాటే పడింది. ఆమె పేరు లోయి అని కూడా రాశాడు. పేరు రాయకుండా ‘భక్తిపరురాలైన ఒక వృద్ధురాలు’ అని సరిపెట్టి ఉంటే ఈ రోజు ఆమె ఎవరికి గుర్తుండేది?

ఇక మీ బీరువా. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంటే అది అవ్వ పుట్టినరోజు అనుకోవద్దు. తేదీ తెలియనివాళ్ళకు వయసు అంచనా కట్టి ఎక్కించినప్పుడు పడే తేదీ అది. అసలు సంగతి బాప్తిస్మపు రిజిస్టరులో దొరకొచ్చు. దొరుకుతుందా లేదా అన్నది ఆ సంఘం ఏ మిషను నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషను. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు వైపు ఎస్పీజీ మిషను, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన ఆంగ్లికన్లు. వీళ్ళలోనూ కతోలికుల్లోనూ చంటిబిడ్డలకే బాప్తిస్మం కాబట్టి రిజిస్టరులో పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ పక్కపక్కనే ఉంటాయి. కర్నూలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషను సంఘాల్లో పెరిగి పెద్దయినాకే నీళ్ళలో ముంచుతారు. అక్కడి తేదీ చూసి వయసు లెక్కగడితే పదిహేనేళ్ళో ఇరవై ఏళ్ళో తేడా పడుతుంది. ఫ్లెక్సీల మీద ఈ పొరపాటు ఎక్కువగానే కనబడుతుంది.

చంటిబిడ్డ బాప్తిస్మంలోనూ ఒక మెలిక ఉంది. పల్లెలకు మిషను దొరగారో అయ్యగారో ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చినప్పుడే బాప్తిస్మాలు జరిగేవి. ఒకే తేదీ కింద పదిహేను ఇరవై పేర్లుంటే కారణం అదే. వాళ్ళలో నెల బిడ్డా ఉంటుంది, నడిచే బిడ్డా ఉంటుంది. పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటే బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా రాయకండి, ‘బాప్తిస్మం ఫలానా తేదీ’ అనే రాయండి.

ఆడమనిషి విషయంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆమె బాప్తిస్మం పుట్టినింటి సంఘంలో ఉంటుంది. పెళ్ళి కూడా చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది, పెళ్ళికూతురి గుడిలో జరిగితే. పిల్లల బాప్తిస్మాలు, మొగుడి భూస్థాపన, ఆమె భూస్థాపన మెట్టినింటి సంఘంలో. మగవాడి జీవితం పెళ్ళి తప్ప దాదాపుగా ఒకే సంఘంలో దొరుకుతుంది, అవ్వ జీవితం రెండు ఊళ్ళ మధ్య సగానికి తెగిపోయి ఉంటుంది. ఆ రెండు ముక్కలనూ కలిపే పని ఎవరిదీ కాకపోవడం వల్లనే, ‘జీవిత చరిత్ర’ అంటే ఆమె కోడలిగా వచ్చిన రోజు నుంచే మొదలవుతోంది. అంతకుముందు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు ఆమె ఎక్కడ పెరిగింది, ఎవరి దగ్గర పాటలు నేర్చుకుంది, మిషను బోర్డింగులో ఉందా, వీటికి ఊరి పేరొక్కటే మిగులుతుంది. ఒక్కోసారి అదీ మిగలదు.

కతోలికుల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడ పెళ్ళి జరిగినా ఆ కబురు బాప్తిస్మం జరిగిన విచారణకు, అంటే ఆ ఊరి ఫాదరు కింది సంఘానికి పంపాలి, అక్కడ ఆమె బాప్తిస్మం పద్దు పక్క అంచులో పెళ్ళి రాయాలి. ఇది వాళ్ళ చట్టంలోనే ఉంది. మిగతా సంఘాల్లో ఇలా రాయొద్దని ఏ నియమమూ లేదు. కొత్తగా పెళ్ళయిన పిల్లలతో మొదలుపెట్టినా చాలు, ఇంకో అరవై ఏళ్ళకు వాళ్ళూ అవ్వలే కదా. ఇప్పుడున్న అవ్వల కోసమైతే మెట్టినింటి సంఘం సెక్రటరీ పుట్టినింటి సంఘానికి ఒక ఉత్తరం రాయాలి. అందులో అవ్వ పేరు, తండ్రి పేరు, ఊరు, అంచనా వయసు, పెళ్ళయిన ఏడు. ఈ ఐదూ ఉంటే వెతికేవాళ్ళకు గంట పని. ‘1940 ప్రాంతంలో పుట్టిన మరియమ్మ’ అని మాత్రం రాస్తే ఏ రిజిస్టరులోనైనా అరడజను మంది తేలతారు.

పెళ్ళి రిజిస్టరు మీద ఎవరూ దృష్టి పెట్టరు గానీ అవ్వల విషయంలో అదే బంగారం. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద రాసిన పద్దులో వధువు వయసు, తండ్రి పేరు, అప్పటి నివాసం, సాక్షుల పేర్లు ఉంటాయి. అవ్వ తన పేరు తాను రాసిందా, వేలిముద్ర వేసిందా అన్నది అక్కడ కళ్ళెదుట కనబడుతుంది. ఇంట్లో అందరూ ‘అవ్వకు చదువు రాదు’ అంటుంటే, రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో ఆమె సంతకం ఉండటం కద్దు. చదువు వచ్చి, వాడక లేక మరిచిపోయినవాళ్ళు వాళ్ళు.

వెతికేటప్పుడు జిల్లా పేరు చూసి మోసపోవద్దు. 1970కి ముందు గిద్దలూరు, కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలోవి. డోన్, కోయిలకుంట్ల 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది కాబట్టి గుంతకల్లు వైపు కొందరు అవ్వల పుట్టినిల్లు ఇప్పుడు కర్ణాటకలో ఉంటుంది. శ్రీశైలం, గండికోట నీళ్ళ కింద పోయిన ఊళ్ళ సంగతి మరీ కష్టం. గుడీ సమాధులూ మునిగినా రిజిస్టరును ఎవరో ఒకరు పట్టుకునే లేచి ఉంటారు, అది పునరావాస కాలనీ గుడిలోనో పల్లెలో గుడి నడిపిన పాత ఉపదేశిగారి ఇంట్లోనో ఉండొచ్చు. అడగాలి.

రెండు పేర్ల సంగతి కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా క్రైస్తవులకు వర్తించదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులను బీసీ-సిలో చేర్చారు. దాని న్యాయాన్యాయాలు ఈ ఉత్తరం పని కాదు. కానీ గుడిలో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు ఉండటానికి ఇదొక కారణం. పుట్టినప్పటి పేరు, బాప్తిస్మం పేరు వేరు కావడం ఇంకో కారణం. అందుకని రిజిస్టరులో రెండు పేర్లతోనూ వెతకండి. ఫ్లెక్సీ మీదా కార్డు మీదా మాత్రం ఇంటివాళ్ళు ఇచ్చిన పేరే వేయండి. రిజిస్టరు పేజీ ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు కొన్నిచోట్ల మొదలైంది. ఆ పేజీలో ఇంకో ఇరవై ఇళ్ళ గుట్టు ఉంటుంది. దయచేసి మానండి.

ఏ రిజిస్టరూ దొరకకపోతే వయసు కట్టడానికి పాత పద్ధతే మంచిది. 1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకా కర్నూలు రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులు కర్నూలు అవ్వలకు బాగా గుర్తు. 1957 ఏప్రిల్లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ‘కానుక సంచిలో నయాపైసలు పడేనాటికి నీకు పెళ్ళయిందా అవ్వా?’ అని, ఇలాంటివే ఇంకో రెండు మూడు అడిగితే వయసు ఒక అంచనాకు వస్తుంది. ‘ఏ సంవత్సరంలో పుట్టావు’ అని నేరుగా అడిగితే మాత్రం ‘నాకేం తెలుసు నాయనా’ అనే వస్తుంది.

ఇవన్నీ అవ్వ పోయిన రాత్రి చేసే పనులు కావని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. డెబ్బై దాటిన ప్రతి అవ్వకూ ఒక కాగితం, స్త్రీల మైత్రి చేతిలో, ఆమె ఉండగానే. శుక్రవారం ఉపవాస కూడిక అయిపోయాక అరగంట కూర్చుంటే ఒక అవ్వది పూర్తవుతుంది, పెద్ద సంఘమైనా ఏడాదిలో అందరివీ అయిపోతాయి. అడిగే తీరులోనే ఉంది కిటుకంతా. ‘నీ సాక్ష్యం చెప్పవ్వా’ అన్నారంటే నలభై ఏళ్ళుగా కూడికల్లో చెప్పిన సాక్ష్యమే పొల్లు పోకుండా మళ్ళీ చెప్తుంది. అది అబద్ధం కాదు గానీ అందరికీ తెలిసిందే. వస్తువుల గురించి అడగండి. మీ ఊరి గుడికి గంట ఉండేదా, రైలు పట్టా ముక్క వేలాడదీశారా? దాన్ని ఎవరు కొట్టేవాళ్ళు? గుడికని తీసిన పిడికెడు బియ్యం ఏ డబ్బాలో వేసేదానివి? బియ్యం లేని రోజుల్లో కొర్రలా, జొన్నలా? అయ్యగారు వస్తే ఎవరింట్లో అన్నం? క్రిస్మస్‌కు ఓళిగలు చేసేవాళ్ళా, అత్తిరాసాలా? మొదటిసారి గుడిలో నోరు తెరిచి ప్రార్థన చేసింది ఎప్పుడు, ఎవరు చెయ్యమన్నారు? కాన్పులెన్ని, బతికినవాళ్ళెందరు? ఈ చివరి ప్రశ్న మాత్రం కోడళ్ళూ కొడుకులూ లేనప్పుడు, ఇంకో ముసలామె పక్కనుండగా అడగండి.

పని గురించి అడగడం మరవొద్దు. ‘గృహిణి’ అని రాసేస్తారు. శెనక్కాయలు ఒలిచింది, పత్తి ఏరింది, బండల గనిలో తట్ట మోసింది, ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా జీతానికి ఊళ్ళు తిరిగింది, మిషను ఆస్పత్రిలో ఆయాగా చేసింది, ఇవన్నీ ఆ ఒక్క మాట కింద మునిగిపోతాయి. కూలి ఎంత, ఎవరి చేనులో, దశమ భాగం తీసేదా, తీస్తే గింజలుగానా డబ్బుగానా అని కూడా రాయండి.

పాటలది వేరే కథ. కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. అవ్వలు పాడే వరస చాలాచోట్ల అది కాదు. పుస్తకం చూసి నేర్చుకున్న పాటలు కావవి, ఉపదేశిగారి భార్య దగ్గర కూర్చుని చెవితో పట్టినవి. ఒక్కో ఊరిది ఒక్కో సాగదీత. గుళ్ళలోకి కీబోర్డు, ప్యాడ్లు వచ్చాక ఆ గమకాలన్నీ చదునైపోయాయి. ఆ వరస ఇంకా ఎనభై దాటినవాళ్ళ గొంతులోనే ఉంది.

రికార్డు చేయడానికి మామూలు ఫోను చాలు. ఫ్యాను ఆపండి, ఫోనును ఏరోప్లేన్ మోడులో పెట్టండి, నోటికి మూరెడు దూరంలో, కాస్త పక్కగా, మడిచిన తువ్వాలు మీద పెట్టండి. చేత్తో పట్టుకుంటే వేళ్ళ రాపిడి పడుతుంది. పొద్దున కాఫీ తాగాక గొంతు బాగుంటుంది, సాయంత్రానికి ఆయాసం వస్తుంది. ఇరవై నిమిషాలు దాటొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, పక్కనున్నవాళ్ళు కలిసి పాడకూడదు. అవ్వ చరణం మరిచిపోతే అందించకండి, ఆగండి. తనంతట తాను అందుకున్నప్పుడు పుస్తకంలో లేని మాట పడుతుంది చూడండి, అదే మనకు కావలసింది. మొదట ఊరు, తేదీ, పాట నంబరు పైకి చెప్పి రికార్డు మొదలుపెట్టండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు నాణ్యత పోదు. సంఘం కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, ఇంటివాళ్ళ దగ్గర ఒకటి ఉంచండి. ఫోను మార్చినప్పుడు పోయినన్ని పాటలు ఇంకెప్పుడూ పోలేదు.

చివరగా రాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. కొత్త గుంత మీద నెలలోపే సిమెంటు దిమ్మె కట్టించి నాపరాయి నిలబెడితే, పూడ్చిన మట్టి దిగి మొదటి వానాకాలానికే ఒరిగి పగులుతుంది. ఒక వానాకాలం పోనివ్వండి. అప్పటిదాకా చెక్క సిలువ చాలు. నిలబెట్టే రాయి అయితే మూడో వంతు నేలలో ఉండాలి. అనంతపురం ఎర్రనేలల్లో ఈ బాధ తక్కువ. తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, కడప బండ అన్నీ సున్నపురాయి జాతివే, వాటి మీద యాసిడ్ పోసి కడగనివ్వకండి. పాత సమాధులు తళతళలాడాలని మేస్త్రీలు యాసిడ్ కొడతారు, అది రాయి పైపొరను బుసబుసమని కరిగించి అక్షరాల అంచులు తినేస్తుంది. నీళ్ళు, కొబ్బరిపీచు చాలు. పొరలు లేస్తున్న రాయికి అదీ మెల్లగా.

ఈస్టరుకు ముందు ఏటేటా సున్నం కొట్టడం వల్ల కూడా అక్షరాలు పూడిపోతున్నాయి. ఈసారి సున్నం కొట్టేవాళ్ళకు అక్షరాలున్న వైపు వదిలేయమని చెప్పండి. ఇప్పటికే పూడిపోయిన వాటిని వెదురు పుల్లతో గీకి తీయొచ్చు, ఇనప చీల వద్దు. అసలు చదవలేని రాయిని సాయంత్రం ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫోటో తీస్తే, మధ్యాహ్నం కనబడని పేరు నీడల్లో తేలుతుంది. చెక్కించేటప్పుడు అవ్వ తండ్రి పేరు, పుట్టినూరు కూడా చెక్కించమని ఇంటివాళ్ళకు చెప్పండి. ఇప్పుడైతే ‘ఫలానా వారి భార్య’ తప్ప ఇంకేమీ ఉండదు. అక్షరానికి ఇంత అని మేస్త్రీ తీసుకునేది నిజమే గానీ, ‘ప్రభువునందు నిద్రించిన’ అన్న రెండు మాటలు తగ్గిస్తే ఊరి పేరుకు చోటొస్తుంది.

రిజిస్టర్ల గురించి ఇంకొక్క మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు ఊళ్ళోకి వచ్చినప్పుడు తడిసిన కాగితాలను జనం ఎండలో పరిచారు. తడిసిన రిజిస్టరుకు ఎండ పనికిరాదు, ఆకులు వంకర్లు పోయి సిరా ఎగిరిపోతుంది. అంటుకున్న ఆకులను బలవంతంగా విప్పొద్దు. విడిగా ఉన్న ఆకుల మధ్య అచ్చులేని తెల్ల న్యూసుప్రింటు పెట్టి, గంట గంటకూ మారుస్తూ ఫ్యాను కింద ఆరబెట్టాలి. రెండు రోజుల్లో ఆరదనిపిస్తే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఏదైనా ఫ్రీజరులో పెట్టేయండి, బూజు ఆగుతుంది. తర్వాత కొద్దికొద్దిగా ఆరబెట్టుకోవచ్చు. ఇంతదాకా రాకుండా ఉండాలంటే వరద లేనప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోవాలి. జెరాక్సు మిషను మీద రిజిస్టరును బోర్లించి వీపు విరగ్గొట్టొద్దు.

మీలో ఎవరైనా రిజిస్టర్లు బయటికి తీస్తామంటే మేం వచ్చి చేసిపెడతాం. రిజిస్టరు మీ గది దాటదు, ఫోటోల కాపీ మీ దగ్గరే ఉంటుంది, అవ్వ మనవరాళ్ళు అడిగితే ఇవ్వడం మానడం మీ ఇష్టం. మాకు కావలసింది వెలుతురున్న గదిలో ఒక బల్ల, ఆకు మీద పరచడానికి ఒక అద్దం పలక, మీ తాళంచెవి ఉన్న మనిషి ఒకరు. రెండు వందల పేజీల పుస్తకానికి ఒక పూట చాలు. గ్లౌజులు వేసుకోం, అవి తగిలితే పెళుసు కాగితం అంచులు విరుగుతాయి. చేతులు కడుక్కుని, తుడుచుకునే వస్తాం.

ఇట్లు,
కడప, కర్నూలు, అనంతపురం వైపు సంఘ రిజిస్టర్లూ సమాధి రాళ్ళూ చూసుకునే కొందరం